నిఫ్టీ ఒడిదుడుకులను కొలవడం, ముందుగా అంచనా కట్టడం: స్ప్రెడ్‌షీట్‌లో మొదటి మెట్టు నుంచి

"ఇండియా విక్స్ 14 ఉంది, ఇది ఎక్కువా తక్కువా?" "రేపు నిఫ్టీ ఎన్ని పాయింట్లు కదలొచ్చు?" "గార్చ్ అంటున్నారు, అది లేకుండా కుదరదా?" ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి. (ఇండియా విక్స్ అంటే ఆప్షన్ ధరల్లోంచి కట్టే ఒడిదుడుకుల సూచీ, గార్చ్ అంటే ఒడిదుడుకులను అంచనా కట్టే ఒక సూత్రం; రెండూ కింద వస్తాయి.) విడివిడిగా జవాబులు రాసే బదులు మొత్తం పనిని వరుసగా ఒకచోట పెడుతున్నాను.

ముందే ఒక మాట. ఇక్కడ కొలిచేది కదలిక ఎంత ఉంటుందనేది మాత్రమే. పైకా కిందికా అన్నది ఇందులో రాదు. అది కావాలనుకున్నవాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు.

కావలసినవి: ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ, ఒక సాయంత్రం, పదో తరగతి గణితం. 7వ మెట్టుకు మాత్రం ఎక్సెల్‌లోని సాల్వర్ గానీ కాస్త పైథాన్ గానీ ఉంటే మంచిది.

1. షీట్ తెరవకముందే ప్రశ్న రాసుకోండి

వొలటిలిటీ, అంటే ధర ఎంతగా ఊగుతోందో చెప్పే అంకె, ఒంటరిగా ఏమీ చెప్పదు. "నిఫ్టీ వొలటిలిటీ 15" అన్నారంటే, ఏ కాలానికి, రోజు లెక్కా ఏడాది లెక్కా, గడిచినదా రాబోయేదా అని అడగాల్సిందే. షీట్ పైవరసలో ఈ నాలుగూ రాసి పెట్టుకోండి:

□ దేని గురించి: నిఫ్టీ 50నా, ఒక షేరా
□ ఎంత దూరానికి: రేపటికా, వచ్చే 20 ట్రేడింగ్ రోజులకా
□ ఏ యూనిట్‌లో: రోజు శాతమా, ఏడాది శాతమా
□ దేనికి: పొజిషన్ (మార్కెట్‌లో పెట్టే సొమ్ము) ఎంత పెట్టాలో తేల్చడానికా, ఆప్షన్ (ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు) ధర ఖరీదో చవకో చూడటానికా

నాలుగోది తేలకపోతే మిగతా మూడూ తేలవు. రేపటి పొజిషన్ కోసమైతే 6వ మెట్టు దాకా వెళ్లి ఆగిపోవచ్చు. నెల రోజుల ఆప్షన్ కోసమైతే 7, 8, 9 తప్పవు.

2. డేటా తెచ్చుకోవడం, కడిగి ఆరబెట్టడం

నిఫ్టీ రోజువారీ ఓపెన్, హై, లో, క్లోజ్ ధరలు ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఇండియా విక్స్ పాత విలువలు కూడా అక్కడే ఉంటాయి. ఏడాదికో ఫైలు చొప్పున దించుకుని ఒకే షీట్‌లో అతికించండి. మామూలు కొలతకు రెండేళ్లు చాలు. గార్చ్ దాకా వెళ్లాలంటే కనీసం 1,000 రోజులు, అంటే నాలుగేళ్ల పైచిలుకు కావాలి.

పని చెడేది ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే. నేను మొదట చేసిన షీట్‌లో తేదీలు తిరగబడి ఉన్నాయి, కొత్తవి పైన, పాతవి కింద. మూడు వారాలు నాకు తెలియనే లేదు. ఎందుకు తెలియలేదంటే, వరస తిరగబడితే రిటర్న్‌ల (రోజువారీ మార్పు శాతాల) గుర్తు మాత్రమే మారుతుంది, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) అలాగే వస్తుంది. అంతా బాగున్నట్టే కనిపించింది. ఈడబ్ల్యూఎంఏ (కొత్త రోజులకు ఎక్కువ బరువిచ్చే సగటు, 6వ మెట్టు) దగ్గరికి వచ్చాకే బయటపడింది: నా షీట్ మూడేళ్ల కిందటి రోజులకు ఎక్కువ బరువు, నిన్నటికి తక్కువ బరువు ఇస్తోంది!

కడిగేటప్పుడు చూసుకోవలసినవి:

□ తేదీలు పాతవి పైన, కొత్తవి కింద ఉన్నాయా
□ 04-06-2024 అన్నది జూన్ 4గానే చదివిందా, ఏప్రిల్ 6గా చదివిందా (పక్క గడిలో వారం పేరు తెప్పించండి, 2024 ఏప్రిల్ 6 శనివారం, దొరికిపోతుంది)
□ ధరల్లో కామాలు ఉండి అంకె కాస్తా అక్షరాలుగా మారిందా
□ ఒకే తేదీ రెండుసార్లు పడిందా
□ సెలవు రోజుకు పాత ధరే మళ్లీ రాసి సున్నా రిటర్న్ వచ్చిందా
□ శని, ఆదివారాలు కనిపిస్తే అవి నిజంగా ప్రత్యేక సెషన్లేనా (2025 ఫిబ్రవరి 1 శనివారం, బడ్జెట్ రోజు, మార్కెట్ పనిచేసింది)

దీపావళి ముహూరత్ ట్రేడింగ్ గంటసేపే జరుగుతుంది. 2024లో అది నవంబర్ 1 సాయంత్రం. దాన్ని పూర్తి రోజుగా లెక్కేస్తే ఆ ఒక్క వరస కదలిక తక్కువ చూపిస్తుంది. దాన్ని తీసేసి, ముందు రోజు క్లోజ్ నుంచి తర్వాతి పూర్తి రోజు క్లోజ్‌కు రిటర్న్ కట్టడం నా పద్ధతి.

ఒక్కో షేరుకైతే బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును ముక్కలు చేయడం) సర్దిన ధరలే వాడాలి. రిలయన్స్ 2024 అక్టోబర్‌లో 1:1 బోనస్ ఇచ్చింది. సర్దని ధరలు వాడితే ఆ రోజు షేరు సగానికి పడినట్టు, లాగ్ రిటర్న్ మైనస్ 69 శాతం అని వస్తుంది. ఆ ఒక్క గడి ఏడాది మొత్తాన్నీ పాడుచేస్తుంది. మైనస్ 69 కనిపిస్తే 1:1, మైనస్ 161 కనిపిస్తే ఒకటికి అయిదు స్ప్లిట్ అని గుర్తుంచుకోండి.

3. రిటర్న్ లెక్క

ఈ రోజు క్లోజ్‌ను నిన్నటి క్లోజ్‌తో భాగించి, దాని సహజ లాగరిథం తీసి, 100తో గుణించండి. షీట్‌లో ఎల్ఎన్ అనే ఫంక్షన్ ఆ పని చేస్తుంది.

లోక్‌సభ ఫలితాల వారం, 2024 జూన్ నెల మొదటి రోజులు తీసుకుందాం:

మే 31: క్లోజ్ 22,530.70
జూన్ 3: 23,263.90, రిటర్న్ +3.20
జూన్ 4: 21,884.50, రిటర్న్ −6.11
జూన్ 5: 22,620.35, రిటర్న్ +3.31
జూన్ 6: 22,821.40, రిటర్న్ +0.88
జూన్ 7: 23,290.15, రిటర్న్ +2.03

జూన్ 4న పేపర్లు 5.93 శాతం పతనం అని రాశాయి, మనకు 6.11 వచ్చింది. రెండూ సరైనవే. మామూలు శాతానికీ లాగ్ శాతానికీ తేడా అంతే. చిన్న కదలికల్లో ఈ తేడా కంటికి కనిపించదు, పెద్ద కదలికల్లో కనిపిస్తుంది. ఏదైనా ఒకటే వాడండి, కలపకండి. ఈ అయిదు వరసలూ మీ షీట్‌లో ఇలాగే వస్తే డేటా, ఫార్ములా రెండూ సరిగ్గా ఉన్నట్టే.

4. మొదటి కొలత: 20 రోజుల కిటికీ

గత 20 రిటర్న్‌ల స్టాండర్డ్ డీవియేషన్ తీయండి. అది రోజు వొలటిలిటీ. ఏడాది లెక్కకు మార్చడానికి 252 వర్గమూలంతో, అంటే 15.87తో గుణించండి. రోజుకు 1 శాతం అంటే ఏడాదికి 15.87 శాతం.

మన దగ్గర ఏడాదికి సుమారు 245 నుంచి 250 ట్రేడింగ్ రోజులే ఉంటాయి, మరి 252 ఎందుకు అని అడుగుతుంటారు. అది అమెరికా నుంచి వచ్చిన అలవాటు. 248 వాడితే గుణకం 15.75 అవుతుంది, తేడా ఒక శాతం లోపే. దీని మీద వాదన అనవసరం.

వాదించాల్సింది 365 గురించి. ఎన్‌ఎస్‌ఈ రోజూ విడుదల చేసే షేర్ల వొలటిలిటీ ఫైల్‌లో ఏడాది అంకెను 365 వర్గమూలంతో, అంటే 19.1తో గుణించి ఇస్తారు. మీ షీట్‌లో 15.87, ఆ ఫైల్‌లో 19.1. ఒకే షేరు, ఒకే రోజు, 20 శాతం తేడా! పోల్చే ముందు రెండింటినీ రోజు లెక్కకు దించండి. పైగా ఆ ఫైల్ ఫార్ములాలో పాత రోజులకు 0.995 బరువు ఉంటుంది, చాలా నెమ్మదిగా కదులుతుంది. మీ 20 రోజుల కిటికీతో అది కలవకపోతే కంగారు పడొద్దు.

ఈ కొలతకు రెండు జబ్బులున్నాయి.

ఒకటి, కచ్చితత్వం లేకపోవడం. 20 అంకెల మీద తీసిన స్టాండర్డ్ డీవియేషన్‌లో, రిటర్న్‌లు బుద్ధిగా నార్మల్‌గా (గంట ఆకారపు పంపిణీలో) ఉన్నాయనుకున్నా, దాదాపు 16 శాతం పొరపాటు సహజంగానే ఉంటుంది. మీ షీట్ 15 అని చూపిస్తే దాన్ని 12.6 నుంచి 17.4 మధ్య ఎక్కడో అని చదవాలి. 15.27 అని రెండు దశాంశాలు రాసి మురిసిపోవడం దండగ. 250 రోజులు తీసుకుంటే పొరపాటు నాలుగున్నర శాతానికి తగ్గుతుంది, కానీ ఆ అంకె పోయిన ఏడాది కథ చెబుతుంది గానీ ఈ వారం కథ చెప్పదు.

రెండు, దెయ్యం జబ్బు. 2024 జూన్ 4 నాటి 6.11ను వర్గం చేస్తే 37.3. దాన్ని 20తో భాగిస్తే 1.87. అంటే మిగతా 19 రోజులూ మార్కెట్ అసలు కదలకపోయినా, ఆ ఒక్క రోజు వల్లే కిటికీ 21.7 శాతం ఏడాది వొలటిలిటీ చూపిస్తూ ఉంటుంది. జూన్ 17 బక్రీద్ సెలవు తీసేసి లెక్కపెడితే, జులై 3న ఆ రోజు కిటికీలోంచి జారిపోతుంది. ఆ రోజు మార్కెట్‌లో ఏమీ జరగకపోయినా మీ గ్రాఫ్ గోడ మీంచి దూకినట్టు పడిపోతుంది. అది చూసి "వొలటిలిటీ చల్లబడింది" అనుకోవడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే.

మొదటిదానికి మందు 5వ మెట్టు, రెండోదానికి 6వ మెట్టు.

5. హై, లో కూడా వాడుకోండి

క్లోజ్ నుంచి క్లోజ్‌కు చూస్తే రోజంతా జరిగిన రభస కనబడదు. 2014 మే 16న, లోక్‌సభ ఫలితాల రోజు, నిఫ్టీ మధ్యలో 7,500 దాటి చివరికి 7,203 దగ్గర ముగిసింది. క్లోజ్ లెక్కలో అది 1.1 శాతం లాభం వచ్చిన సాదా రోజు.

పార్కిన్‌సన్ పద్ధతి తేలిక: హైని లోతో భాగించి లాగ్ తీయండి, 1.665తో భాగించండి. హై 24,200, లో 23,960 అనుకుంటే, లాగ్ 0.997 శాతం, దాన్ని 1.665తో భాగిస్తే 0.60 శాతం. ఇరవై రోజులకు చేసేటప్పుడు ఈ అంకెల సగటు కాదు, వాటి వర్గాల సగటు తీసి చివర్లో వర్గమూలం వేయాలి.

లోపం ఏమిటంటే, రాత్రి గ్యాప్ దీనికి కనబడదు. మన మార్కెట్ 9:15కు తెరిచి 3:30కు మూస్తుంది. మిగతా పదిహేడు గంటల పైచిలుకులో అమెరికాలో జరిగినదంతా ఉదయం ఓపెన్‌లో ఒకేసారి పడుతుంది. అందుకే నిన్నటి క్లోజ్ నుంచి ఈ రోజు ఓపెన్‌కు లాగ్ రిటర్న్ తీసి, దాని వర్గాన్ని పార్కిన్‌సన్ వర్గానికి కలపండి. ఇండెక్స్‌కు గ్యాప్ కలపకుండా వదిలేస్తే కొలత ఎప్పుడూ తక్కువే వస్తుంది.

5 నిమిషాల డేటా దొరికితే ఇంకా మంచిది. 375 నిమిషాలకు 75 ముక్కలు. వాటి రిటర్న్‌ల వర్గాలన్నీ కూడి, గ్యాప్ వర్గం కలిపితే ఆ రోజు వేరియన్స్ (వొలటిలిటీ వర్గం). ఒక నిమిషానికి దిగకండి, బిడ్ ఆస్క్ (కొనేవాళ్ల ధర, అమ్మేవాళ్ల ధర) మధ్య ఊగిసలాట కూడా కదలికగా లెక్కలోకి వచ్చేస్తుంది.

6. రేపటి అంచనా: ఈడబ్ల్యూఎంఏ

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే నేర్చుకుంటానంటే ఇది నేర్చుకోండి. సూత్రం ఒక్క వరస:

రేపటి వేరియన్స్ = 0.94 × ఈ రోజుకు వేసుకున్న వేరియన్స్ + 0.06 × ఈ రోజు రిటర్న్ వర్గం

వేరియన్స్ అంటే వొలటిలిటీ వర్గం. 0.94 అన్నది జె.పి. మోర్గన్ వాళ్ల రిస్క్‌మెట్రిక్స్ నుంచి వచ్చిన అంకె. దాని ప్రకారం ఒక షాక్ ప్రభావం 11 రోజుల్లో సగమవుతుంది. 0.97 వాడితే 23 రోజులు పడుతుంది.

మన వారానికి చేసి చూద్దాం. జూన్ 3కి వేసుకున్న రోజు వొలటిలిటీ 0.90 శాతం అనుకోండి, వేరియన్స్ 0.81.

జూన్ 3 సాయంత్రం: 0.94 × 0.81 + 0.06 × 10.24 = 1.376. వర్గమూలం 1.17. ఇది జూన్ 4కి అంచనా.
జూన్ 4 సాయంత్రం: 0.94 × 1.376 + 0.06 × 37.33 = 3.533. జూన్ 5కి అంచనా 1.88.
జూన్ 5 సాయంత్రం: జూన్ 6కి 1.99.
జూన్ 6 సాయంత్రం: 1.95.
జూన్ 7 సాయంత్రం: మళ్లీ 1.95.

ఇప్పుడు కాస్త ఆగి ఈ వరస చూడండి. జూన్ 4కి అంచనా 1.17, జరిగింది 6.11, అయిదు రెట్లకు పైమాటే. ఏ సూత్రమూ ముందు రోజు ధరల్లోంచి దాన్ని పట్టదు. కానీ వారం చివరికి అంచనా 1.95 దగ్గర, ఏడాది లెక్కలో 31 శాతం దగ్గర కూర్చుని ఉంది. మరోపక్క ఇండియా విక్స్ జూన్ 5నే 20 కిందికి దిగిపోయింది. ఫలితాలు వచ్చేశాయి, సస్పెన్స్ అయిపోయింది అని ఆప్షన్లు కొనేవాళ్లకు తెలుసు. మన సూత్రానికి ధరలు తప్ప ఇంకేమీ తెలియవు. దీని సంగతి 9వ మెట్టులో చూద్దాం.

షీట్‌లో జాగ్రత్త: అంచనాను ఏ వరసలో రాస్తున్నారో చూసుకోండి. జూన్ 4 సాయంత్రం వచ్చిన అంకె జూన్ 5 వరసలోకి వెళ్లాలి. జూన్ 4 వరసలోనే వదిలేస్తే, ఆ రోజు జరిగినదాన్ని ఆ రోజే చూసి అంచనా కట్టినట్టు అవుతుంది, మీ షీట్ త్రికాలజ్ఞానిలా కనిపిస్తుంది. "నా మోడల్ అద్భుతంగా పనిచేస్తోంది" అని ఎవరైనా పంపితే నేను మొట్టమొదట చూసేది ఇదే. సగం సార్లు ఇక్కడే దొరుకుతుంది.

7. నెల దూరానికి: గార్చ్

ఈడబ్ల్యూఎంఏకు సొంత ఊరు లేదు. ఈ రోజు 2 శాతం అంటే రేపూ 2, నెల తర్వాతా 2 అంటుంది. నిజానికి రేగిన మార్కెట్ నెమ్మదిగా తన మామూలు స్థాయికి చేరుతుంది. గార్చ్ ఆ మామూలు స్థాయిని సూత్రంలో కలుపుతుంది:

రేపటి వేరియన్స్ = ఒమేగా + ఆల్ఫా × ఈ రోజు రిటర్న్ వర్గం + బీటా × ఈ రోజు వేరియన్స్

ఒమేగా, ఆల్ఫా, బీటా డేటాలోంచి పట్టుకోవాల్సిన మూడు అంకెలు. లెక్క కోసం ఒమేగా 0.02, ఆల్ఫా 0.08, బీటా 0.90 అనుకుందాం. మామూలు స్థాయి వేరియన్స్ = ఒమేగా ÷ (1 − ఆల్ఫా − బీటా) = 0.02 ÷ 0.02 = 1. అంటే రోజుకు 1 శాతం.

ఇప్పుడు రేపటి అంచనా 2 శాతం, వేరియన్స్ 4 అనుకోండి. మామూలుకన్నా 3 ఎక్కువ. ఆ ఎక్కువ రోజుకు 0.98 చొప్పున కరుగుతుంది. 20 రోజులవీ కూడితే 69.9, వర్గమూలం 8.36 శాతం. ఈడబ్ల్యూఎంఏ అయితే 20 × 4 = 80, వర్గమూలం 8.94. ఆప్షన్ ధరల దగ్గర ఈ తేడా చిన్నది కాదు.

ఆల్ఫా, బీటా పట్టుకునే వరస:

ఒకటి, మొత్తం డేటా వేరియన్స్ తీయండి. ఒమేగాను దానికి (1 − ఆల్ఫా − బీటా) గుణకంగా కట్టేయండి. వెతకాల్సినవి మూడు నుంచి రెండుకు తగ్గుతాయి.
రెండు, ప్రతి రోజుకూ ఈ అంకె వేయండి: వేరియన్స్ లాగ్ + రిటర్న్ వర్గం ÷ వేరియన్స్.
మూడు, ఆ నిలువు వరస మొత్తం కూడండి.
నాలుగు, ఆల్ఫా, బీటా మార్చుతూ ఆ మొత్తం వీలైనంత తక్కువ చేయమని సాల్వర్‌కు చెప్పండి. షరతులు: రెండూ సున్నా కన్నా ఎక్కువ, కలిపి 0.999 లోపు.

సాల్వర్ ఎక్కడో ఇరుక్కుంటే 0.05, 0.90తో ఒకసారి, 0.15, 0.80తో ఒకసారి మొదలుపెట్టి చూడండి. రెండుసార్లూ ఒకే చోటికి వస్తే నమ్మవచ్చు. ఆల్ఫా, బీటా మొత్తం 0.999కి అతుక్కుపోతే డేటా తక్కువైంది, లేదా 2020 మార్చి లాంటి ముక్క దాన్ని లాగేస్తోంది. పైథాన్‌లో ఆర్చ్ అనే ప్యాకేజీ ఈ పని నాలుగు లైన్లలో చేస్తుంది, రిటర్న్‌లను 0.0103లా కాకుండా 1.03లా శాతంలో ఇవ్వండి, లేకపోతే లెక్క సరిగా కుదురుకోదు.

పడినప్పుడు వొలటిలిటీ పెరిగినంతగా లేచినప్పుడు పెరగదు. దాన్ని పట్టే జీజేఆర్ అనే రకం ఉంది. మామూలు గార్చ్ చేతిలోకి వచ్చాకే దాని జోలికి వెళ్లండి.

8. ఇండియా విక్స్‌ను చదవడం

నిఫ్టీ ఆప్షన్ల ధరల్లోంచి లెక్కకట్టిన, రాబోయే 30 క్యాలెండర్ రోజుల వొలటిలిటీ ఇది, ఏడాది శాతంలో చెబుతారు. 16 ఉంటే నెలకు మార్చడానికి 12 వర్గమూలంతో భాగించండి: 4.62 శాతం. నిఫ్టీ 24,000 దగ్గర ఉంటే అటూ ఇటూ దాదాపు 1,110 పాయింట్లు. రోజుకైతే 15.87తో భాగించండి: 1.01 శాతం, 240 పాయింట్ల చిల్లర.

"16 శాతం పడుతుందని విక్స్ చెబుతోంది" అని రాసేవాళ్లను నమ్మకండి. ఆ 1,110 పాయింట్లు కూడా హద్దు కాదు. మూడింట రెండొంతుల సార్లు కదలిక ఆ లోపల ఉండొచ్చనే అర్థం.

విక్స్‌ను నేరుగా అంచనాగా వాడితే ఇంకో ఇబ్బంది ఉంది. ఆప్షన్ అమ్మేవాళ్లు బీమా కంపెనీలాగా కొంత కలుపుకునే ధర చెబుతారు. అందుకే చాలాసార్లు విక్స్ చెప్పినదానికన్నా తర్వాత జరిగిన కదలిక తక్కువే ఉంటుంది. మీ షీట్‌లోనే సరిచేయండి: ప్రతి రోజు విక్స్ పక్కన ఆ తర్వాతి 21 ట్రేడింగ్ రోజుల అసలు వొలటిలిటీ వేసి, రెండోదాన్ని మొదటిదానితో భాగించి, మధ్యస్థం తీసుకోండి. ఇవాల్టి విక్స్‌ను దానితో గుణించండి. మధ్యస్థమే, సగటు వద్దు; 2020 మార్చి పతనానికి ముందు విక్స్ తక్కువగా ఉన్న రోజులు సగటును ఎక్కడికో లాక్కెళ్తాయి.

9. తెలిసిన తేదీలను చేత్తో సర్దడం

బడ్జెట్, ఆర్‌బీఐ పాలసీ, ఎన్నికల ఫలితాలు, కంపెనీల త్రైమాసిక ఫలితాలు. ఈ తేదీలు ముందే తెలుసు, సూత్రానికి తెలియవు. కాబట్టి మనమే కలపాలి.

మామూలు రోజుకు 0.9 శాతం, ఈవెంట్ రోజుకు 3 శాతం అనుకుందాం. 20 రోజుల వేరియన్స్ = 19 × 0.81 + 9 = 24.4, వర్గమూలం 4.94 శాతం. ఈవెంట్ మరచిపోతే 4.02 మాత్రమే. వొలటిలిటీలను నేరుగా కూడకండి, కూడాల్సింది వేరియన్స్‌లనే.

మరి ఆ 3 ఎక్కడి నుంచి వస్తుంది? పాత లోక్‌సభ ఎన్నికల ఫలితాల తర్వాతి కదలికలు చూడండి. 2009 మే 18న 17.7 శాతం లాభం. 2014లో 1.1 లాభం. 2019 మే 23న 0.7 నష్టం. 2024 జూన్ 4న 5.9 నష్టం. నాలుగు అంకెల్లో రెండు ఏమీ కానివి, రెండు గుండె ఆగేవి. వీటి సగటు తీసి ఏదో తేల్చామనుకోవడం కన్నా, 3 తోనూ 6 తోనూ రెండుసార్లు లెక్క వేసి, రెండో లెక్కలో కూడా నిద్ర పట్టేంత పొజిషనే పెట్టుకోవడం మేలు.

ఈవెంట్ అయిపోయాక: 6వ మెట్టు సూత్రంలో ఆ రోజు రిటర్న్‌ను ఆ రోజుకున్న అంచనాకు మూడింతల దగ్గర ఆపేయండి. జూన్ 4కి అంచనా 1.17 కాబట్టి, 6.11 బదులు 3.51 వేస్తే మర్నాటి అంచనా 1.88 కాక 1.43 వస్తుంది.

కానీ ఈ కత్తిరింపు కారణం తీరిపోయిన ఈవెంట్లకే. 2020 మార్చి 12న నిఫ్టీ 8.3 శాతం పడింది. "ఒక్క రోజు గొడవ" అని దాన్ని కత్తిరించినవాళ్లకు, మార్చి 23న 13 శాతం పతనం ఎదురైంది. అక్కడ కారణం తీరలేదు, ముదురుతోంది. ఏది తీరిన కారణం, ఏది ముదిరే కారణం అన్నది మీరు తేల్చుకోవాల్సిందే, షీట్ తేల్చదు.

10. మీ అంచనాలకు మార్కులు వేయండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది. కనీసం 250 రోజులు పక్కన పెట్టండి. ఆల్ఫా, బీటా పట్టేటప్పుడు ఆ రోజులు ముట్టుకోవద్దు.

మొదటి పరీక్ష తేలిక. రోజు రిటర్న్ మీ అంచనాకు రెండింతలు దాటిన రోజులు లెక్కపెట్టండి. 250లో 11, 12 రావాలి. 25 వస్తే మీ అంచనా తక్కువగా ఉంది. రెండే వస్తే ఎక్కువగా ఉంది, ఊరికే భయపడుతున్నారు. ఆ రోజులు ఏడాదంతా చెదిరి ఉన్నాయా, ఒకేచోట గుంపు కట్టాయా అన్నది కూడా చూడండి. గుంపు కడితే లాంబ్డా, అంటే ఆ 0.94, కాస్త తగ్గించి చూడండి.

రెండో పరీక్ష, 7వ మెట్టులో వాడిన అంకే: వేరియన్స్ లాగ్ + రిటర్న్ వర్గం ÷ వేరియన్స్, దీని సగటు. తక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. దీని పేరు క్యూలైక్. తక్కువ అంచనా వేసినవాళ్లను ఇది గట్టిగా కొడుతుంది: వేరియన్స్ 4 జరిగినప్పుడు 1 అన్నవాళ్లకు పడే శిక్ష, 1 జరిగినప్పుడు 4 అన్నవాళ్లకు పడేదానికి రెండున్నర రెట్లు. రిస్క్ చూసుకునేవాళ్లకు కావలసిందీ అదే.

పోటీకి తప్పనిసరిగా 20 రోజుల కిటికీని కూడా నిలబెట్టండి. మీ గార్చ్ దాన్ని ఓడించకపోతే గార్చ్ పక్కన పెట్టేయండి, నామోషీ ఏమీ లేదు.

11. తరచూ వచ్చే తప్పులు, సర్దుబాట్లు

వొలటిలిటీ ఉన్నట్టుండి పది రెట్లు: శాతం, దశాంశం కలిసిపోయాయి, లేదా బోనస్ సర్దలేదు.

వారం డేటాను 15.87తో గుణించడం: వారానికి 52 వర్గమూలం, అంటే 7.21.

విక్స్‌నూ 20 రోజుల పాత వొలటిలిటీనీ పక్కపక్కన పెట్టి "విక్స్ తప్పు" అనడం: ఒకటి రాబోయేది, ఇంకోటి గడిచినది. విక్స్‌ను నెల రోజుల తర్వాత వచ్చే కొలతతో పోల్చాలి.

లాంబ్డాను రోజూ మార్చడం: నెల మధ్యలో ముట్టుకోకండి. మార్చితే తేదీ, కారణం రాయండి.

తక్కువ లావాదేవీలున్న చిన్న షేర్లకు ఇదే షీట్ వాడటం: రోజుల తరబడి ధర కదలక, సర్క్యూట్లలో (ఒక రోజులో ధర దాటరాని హద్దుల్లో) ఇరుక్కుంటే ఈ కొలతలేవీ నిజం చెప్పవు. అక్కడ అమ్ముకోగలమా లేదా అన్నదే అసలు రిస్క్.

12. రోజూ సాయంత్రం అయిదు నిమిషాలు

□ ఓపెన్, హై, లో, క్లోజ్, విక్స్ కొత్త వరసలో వేయండి
□ రిటర్న్ మీ అంచనాకు రెండింతలు దాటిందా చూసి గుర్తు పెట్టండి
□ రేపటి వరసలోకి అంచనా వచ్చిందా చూడండి
□ వచ్చే 20 రోజుల్లో తెలిసిన తేదీలేమైనా ఉన్నాయా చూడండి
□ పొజిషన్ సర్దండి: రోజుకు ₹5,000 ఊగితే తట్టుకుంటానంటే, అంచనా 1 శాతం ఉన్నప్పుడు ₹5 లక్షలు, 1.95 ఉన్నప్పుడు ₹2.56 లక్షలు
□ చేత్తో ఏమైనా సర్దితే, ఎందుకో పక్క గడిలో ఒక వాక్యం రాయండి

ఆ చివరి గడి విలువ ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. నా షీట్‌లో 2024 జూన్ 4 పక్కన "ఫలితాలు, కత్తిరించాను, 3.51" అని ఉంది. అది లేకపోతే ఆ గడిలో అంకె ఎందుకు తేడాగా ఉందో నాకే గుర్తొచ్చేది కాదు, తప్పనుకుని మళ్లీ సరిచేసి ఉండేవాణ్ని.